తగ్గింపు, గర్వం, అతిశయం: విశ్వాసులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

బైబిల్ అధ్యయనం అయిపోయి అందరూ లేచాక, ఒకరు వెనకే ఆగి మెల్లగా అడిగే రకం ప్రశ్నలు ఇవి. నన్ను అడిగినవాళ్ళు చాలామంది, నేను ఇంకొకరిని అడిగినవీ కొన్ని ఉన్నాయి. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే మంచిదనిపించింది. ప్రశ్నలు వాళ్ళు అడిగిన మాటల్లోనే ఉంచాను. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

మొదట్లో, మాటల దగ్గరే తికమకగా ఉన్నప్పుడు

దీనత్వం అంటే "నేను దేనికీ పనికిరాను" అనుకోవడమేనా?

కాదు. యేసు తన గురించి తానే "సాత్వికుడను, దీనమనస్సు గలవాడను" అని చెప్పాడు (మత్తయి 11:29), అలాగని తాను పనికిరానని ఆయన ఎన్నడూ అనుకోలేదు. శిష్యుల పాదాలు కడగడానికి లేచే ముందు ఆయన మనసులో ఏముందో యోహాను 13:3 చెబుతుంది. తండ్రి సమస్తం తన చేతికి అప్పగించాడనీ, తాను దేవుని దగ్గర నుంచే వచ్చాననీ, దేవుని దగ్గరికే వెళ్తున్నాననీ ఆయనకు తెలుసు, అది తెలిసే తువాలు నడుముకు కట్టుకున్నాడు. అంటే తానెవరో బాగా ఎరిగినవాడే వంగాడు. "నేను వేస్ట్" అని రోజంతా అనుకునే మనిషి చూపు కూడా రోజంతా తన మీదే ఉంటుంది, అందుకే దాన్ని దీనత్వం అని పిలవడానికి నాకు మనసొప్పదు. అది చాలాసార్లు గాయం. గాయానికి ఓదార్పు కావాలి, ఇంకా తగ్గమని చెప్పకూడదు.

గర్వం, అతిశయం ఒకటేనా? పౌలే "అతిశయిస్తాను" అంటాడు కదా?

తెలుగు బైబిల్లో అతిశయం అనే మాట రెండు వైపులా వస్తుంది, తికమక అక్కడే. ఎఫెసీ 2:9లో ఎవడూ అతిశయపడడానికి వీల్లేదు అని ఉంటుంది, రోమా 5లో శ్రమల్లో కూడా అతిశయపడదాం అని ఉంటుంది. మాట ఒకటే, దేన్ని ఆనుకుని నిలబడ్డామన్నదే తేడా. యిర్మీయా 9:23, 24 చదవండి, జ్ఞాని తన జ్ఞానాన్ని బట్టి, శూరుడు తన శౌర్యాన్ని బట్టి, ధనవంతుడు తన ధనాన్ని బట్టి అతిశయించకూడదు, అతిశయిస్తే దేవుణ్ణి ఎరిగినందుకు అతిశయించాలి అని ఉంటుంది. పౌలు కొరింథీయులకు రాస్తూ పట్టుకున్నది ఈ మాటనే. గలతీ 6:14లో సిలువ తప్ప ఇంక దేనియందూ అతిశయించను అంటాడు. ఆ కాలంలో సిలువ అంటే ఎంత సిగ్గుచేటో గుర్తు చేసుకుంటే ఆ మాట బరువు తెలుస్తుంది, ఎందుకంటే రోమా సామ్రాజ్యం బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే శిక్ష అది.

కాబట్టి మనిషి దేన్నో ఒకదాన్ని తలుచుకుని పొంగిపోక మానడు. ఆ పొంగు తన వైపు తిరిగితే గర్వం.

"నేను రక్షణ పొందాను" అని ధైర్యంగా చెబితే అహంకారం అంటున్నారు. నిజమేనా?

ఎలా పొందానని చెబుతున్నారో దాన్ని బట్టి ఉంటుంది. ఈతకొట్టి ఒడ్డు చేరినవాడు తన ఈత గురించి చెప్పుకుంటాడు, మునిగిపోతుండగా ఇంకొకరు జుట్టు పట్టి లాగితే బతికినవాడు లాగినవాడి గురించి చెబుతాడు. ఇద్దరూ "నేను బతికాను" అనే అంటారు. రెండో మనిషి ఆ మాట ఎంత గట్టిగా చెప్పినా అందులో గొప్పలేదు. 1 యోహాను 5:13 అయితే నిత్యజీవం ఉందని మీరు తెలుసుకోవాలనే రాస్తున్నాను అంటుంది, కాబట్టి తెలుసు అని చెప్పడానికి భయపడకండి. ఆ మాట వెనకే "నీకు లేదు, నాకు ఉంది" అనే స్వరం వస్తోందేమో మాత్రం చూసుకోండి.

నా పని బాగా వచ్చినప్పుడు సంతోషపడితే పాపమా?

కాదు. గలతీ 6:4 ఎవరి పనిని వాళ్ళు పరీక్షించుకోమంటుంది, అప్పుడు ఇతరుణ్ణి బట్టి కాకుండా తనను బట్టే అతిశయం కలుగుతుంది అంటుంది. నిన్నటికంటే ఈరోజు బాగా చేశానన్న తృప్తి మంచిదే. పక్కవాడు చెడగొడితేనే నా పని అందంగా కనిపిస్తోంది అంటే మాత్రం ఆలోచించుకోవాలి.

ప్రార్థన, ఉపవాసం, సాక్ష్యం అలవాటయ్యాక

పరిసయ్యుడు దేవునికి కృతజ్ఞతలే చెప్పాడు కదా, మరి తప్పెక్కడుంది?

ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం, ఎందుకంటే లూకా 18ని మనం మరీ తేలిగ్గా చదివేస్తాం. అక్కడ యేసు చెప్పిన ఉపమానంలో ఇద్దరు గుడిలో ప్రార్థిస్తారు, ఒకడు ధర్మశాస్త్రాన్ని గట్టిగా పాటించే పరిసయ్యుడు, ఇంకొకడు పన్నులు వసూలు చేసే సుంకరి. ఇతర మనుష్యుల్లా, ఈ సుంకరిలా లేనందుకు కృతజ్ఞతలు అంటాడు పరిసయ్యుడు. పరిసయ్యుణ్ణి ముందే విలన్‌ని చేసేస్తాం. నిజానికి ఆయన మంచి పౌరుడు. దొంగ కాదు, అన్యాయస్థుడు కాదు, వ్యభిచారి కాదు, ఇవన్నీ నిజాలే అయ్యుండాలి, యేసు వాటిని ఎక్కడా కాదనలేదు. ధర్మశాస్త్రం తప్పనిసరి చేసిన ఉపవాస దినం ఏడాదికి ఒక్కటి, ప్రాయశ్చిత్త దినం. ఈయన వారానికి రెండుసార్లు ఉంటున్నాడు. సంపాదన అంతటిలో పదోవంతు ఇస్తున్నాడు. పైగా ప్రార్థన మొదలుపెట్టిందే కృతజ్ఞతతో.

ఇప్పుడు ఒక పని చేయండి. ఆయన ప్రార్థనలోంచి "ఇతర మనుష్యులు", "ఈ సుంకరి" అన్న మాటలు తీసేయండి. ప్రార్థన కూలిపోతుంది. ఆయన కృతజ్ఞత మొత్తం ఆ సుంకరి చెడ్డవాడు కావడం మీదే నిలబడి ఉంది. ఇంకో సంగతి, ఆయన దేవుణ్ణి ఏమీ అడగలేదు, ఒక్క మాట కూడా. అక్కర ఉన్నట్టే తెలియని మనిషి. దేవుని సన్నిధిలో నిలబడి కూడా కన్ను మాత్రం దూరంగా నిలుచున్న ఆ మనిషి మీద పడింది.

సుంకరి వైపు చూస్తే, అతనికి గుడిలో పరిసయ్యుడు ఉన్నాడో లేడో కూడా పట్టలేదు. కళ్ళు పైకెత్తలేదు, రొమ్ము కొట్టుకున్నాడు, పాపినైన నన్ను కరుణించు అన్నాడు, అంతే. "ఆ పరిసయ్యుడిలాంటి వేషధారిని కానందుకు" అని అతను అని ఉంటే కథ తలకిందులయ్యేది. ఈ ఉపమానం ఎవరికోసం చెప్పాడో లూకా తొమ్మిదో వచనంలోనే రాశాడు: తామే నీతిమంతులమని తమను తాము నమ్ముకుని ఇతరులను తృణీకరించేవాళ్ళకు. ఆ రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. నా అనుభవంలో కూడా అవి ఎప్పుడూ జంటగానే తిరుగుతాయి.

సాక్ష్యం అంటేనే నా గురించి చెప్పుకోవడం కదా, గొప్పలు కాకుండా ఎలా చెప్పాలి?

నాకు జరిగింది చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఉద్యోగం పోయి ఐదు నెలలు ఖాళీగా ఉన్నాను. మళ్ళీ దొరికాక సంఘంలో సాక్ష్యం చెప్పాను. మొదటిసారి ఉన్నది ఉన్నట్టే చెప్పాను, చాలా రోజులు ప్రార్థన చేయబుద్ధి కూడా కాలేదని. మూడోసారి ఇంకోచోట చెప్పేటప్పటికి అది "ప్రతి రాత్రీ మోకాళ్ళ మీద" అయిపోయింది, ఐదు నెలలు కాస్తా ఏడయ్యాయి. అబద్ధం చెప్పాలని కూర్చుని ఆలోచించలేదు, ఎదురుగా జనం తలలూపుతుంటే మాటలు వాటంతటవే పెరిగాయి. ఆ రోజు మా అక్క వెనక వరుసలో ఉంది. ఇంటికొచ్చాక తిట్టలేదు. "ఆ నెలల్లో నువ్వు ప్రార్థన ఆపేశావనీ, నీ బదులు అమ్మ చేసిందనీ చెబితే దేవుడు ఇంకా పెద్దగా కనిపించేవాడు కదరా" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అప్పటి నుంచి సాక్ష్యం చెప్పే ముందు రెండు చూసుకుంటున్నాను. జరిగినప్పుడు నాతో ఉన్నవాళ్ళు ఇక్కడ కూర్చుని వింటే ఇదే మాట అంటానా? నా భక్తిని తీసేస్తే ఈ కథలో ఇంకా ఏమైనా మిగులుతుందా? మార్కు 5:19లో బాగుపడిన మనిషితో యేసు, ప్రభువు నీ మీద కనికరపడి నీకు చేసినవి నీ ఇంటివాళ్ళకు చెప్పు అన్నాడు. అక్కడ పని చేసినవాడు ప్రభువు, పొందినవాడు ఆ మనిషి. మన వాక్యాల్లో కూడా కర్త ఎవరో చూసుకోవాలి.

ఒకచోట మీ వెలుగు ప్రకాశించనియ్యండి అంటాడు, ఇంకోచోట ఎడమచేతికి తెలియనివ్వొద్దు అంటాడు. ఏది పాటించాలి?

రెండూ యేసు కొండమీద చేసిన ప్రసంగంలోవే, ఒక అధ్యాయం తేడాలో. మత్తయి 5:16లో జనం చూసి తండ్రిని మహిమపరచడం కోసం, 6:1లో జనానికి కనబడాలనే ఉద్దేశంతో. ఉద్దేశం మన గుండెలో ఉంటుంది కాబట్టి బయట నుంచి తేల్చడం కష్టం, పక్కవాణ్ణి తేల్చడం మరీ కష్టం. ఒక పనికొచ్చే పద్ధతి చెబుతాను. సాయం చేసిన ఫోటో పెట్టే ముందు, అందులో చెయ్యి చాచి నిలబడ్డ మనిషి స్థానంలో మిమ్మల్నో మీ అమ్మనో ఊహించుకోండి. అప్పటికీ పెట్టాలనిపిస్తే పెట్టండి. చాలాసార్లు అనిపించదు.

ఉపవాసం ఉన్నానని ఎవరికైనా చెప్పొచ్చా?

తినమని ఎవరైనా బలవంతపెడితే "ఈరోజు తినట్లేదండి" అని మామూలుగా చెప్పేయండి, దాచడానికి అబద్ధం ఆడక్కర్లేదు. మత్తయి 6లో యేసు తప్పుపట్టింది ముఖం వాడ్చుకుని తిరగడాన్ని. తలకు నూనె రాసుకుని ముఖం కడుక్కోమన్నాడు, అంటే రోజూలాగే ఉండమని.

అందరం ప్రార్థన చేస్తున్నప్పుడు, నా వంతు వచ్చేలోపు మంచి మాటలు సిద్ధం చేసుకుంటూ ఉండిపోతున్నాను. ఇది గర్వమేనా?

సగం గర్వం, సగం భయం అనుకోండి. పక్కన ఒకావిడ కొడుకు జబ్బు గురించి గొంతు పూడుకుపోయి ప్రార్థిస్తోంది, మనం మాత్రం లోపల మన మొదటి వాక్యం దిద్దుకుంటున్నాం. ఇది తెలిసిన రోజు నాకు చాలా బాధేసింది. నాకు పనిచేసిన మందు చిన్నది: నా వంతు వచ్చినప్పుడు, నా ముందు చేసినవాళ్ళ అక్కర మీదే ఒక్క మాట ప్రార్థిస్తాను. అలా చేయాలంటే వాళ్ళ ప్రార్థన వినక తప్పదు. మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చినా పర్వాలేదు, విస్తారంగా మాట్లాడితేనే వింటాడనుకోవద్దని ప్రభువే చెప్పాడు.

సంఘంలో బాధ్యతలు వచ్చాక

ఎవరైనా పొగిడితే ఏమనాలి?

"థాంక్యూ అండి, సంతోషం" అనండి, అక్కడితో ఆపండి. అయ్యో నాదేముంది, నేనసలు బాగా పాడలేదు, గొంతు కూడా బాగోలేదు అని సాగదీస్తే ఎదుటివాళ్ళు ఇంకో రెండుసార్లు పొగడాల్సి వస్తుంది. వెండికి మూస, బంగారానికి కొలిమి ఎలాగో మనిషికి తనకొచ్చే పొగడ్త అలా పరీక్ష అని సామెతలు 27:21 అంటుంది. ఇక పొగడ్త హద్దు దాటి పూజ దాకా వెళ్తే వెంటనే ఆపాలి. లుస్త్ర అనే ఊళ్ళో జనం తమను దేవుళ్ళని ఎడ్లనూ పూదండలనూ తెచ్చినప్పుడు పౌలు, బర్నబా బట్టలు చింపుకుని జనంలోకి పరుగెత్తారు. హేరోదు రాజు అలాంటి కేకలకే మురిసి ఊరుకున్నాడు, అతని సంగతి ఏమైందో అపొస్తలుల కార్యములు 12లో ఉంది.

ఎంత చేసినా నన్ను ఎవరూ గుర్తించట్లేదు, బాధగా ఉంది. ఇలా అనిపించడమే గర్వమా?

బాధ కలగడం గర్వం కాదు. కష్టపడ్డవాళ్ళను పేరు పెట్టి గుర్తించడం సంఘం చేయాల్సిన పని. రోమా 16లో పౌలు ఇరవైకి పైగా పేర్లు రాసి, ఎవరు ఏ ప్రయాసపడ్డారో చెప్పి మరీ వందనాలు పంపాడు. మీ సంఘం ఆ పని చేయకపోతే లోపం వాళ్ళదే. మీ పాస్టర్‌తో నేరుగా "ఈ పని చేస్తున్నాను, ఒక మాట చెబితే బలంగా ఉంటుంది" అని అడిగినా తప్పులేదు. జాగ్రత్త పడాల్సింది ఎక్కడంటే, మీరు చేసే పనే ఇంకొకరు చేసి మెప్పు పొందినప్పుడు మీకు నిద్ర పట్టకపోతే అక్కడ. ఆ రాత్రి హెబ్రీ 6:10 చదవండి, మీరు చేసిన పనినీ చూపిన ప్రేమనూ మరిచిపోవడానికి దేవుడు అన్యాయస్థుడు కాడు.

బాధ్యత ఇస్తామంటే "నేను అర్హుణ్ణి కాదు" అని వద్దంటున్నాను. అది తగ్గింపే కదా?

అన్నిసార్లూ కాదు. మోషే నోటిమాంద్యం గలవాణ్ణి అన్నాడు, దేవుడు ఓపిగ్గా జవాబిచ్చాడు. నేను తోడుంటాను అన్న తర్వాత కూడా ఇంకెవరినైనా పంపు అన్నప్పుడు మాత్రం దేవునికి కోపం వచ్చింది (నిర్గమ 4:14). పేతురు సంగతీ చూడండి. నా పాదాలు నువ్వు ఎన్నడూ కడగకూడదు అన్నాడు. వినడానికి ఎంత వినయంగా ఉంటుందో! కానీ అందులో యేసు ఏం చేయాలో ఏం చేయకూడదో పేతురే నిర్ణయిస్తున్నాడు. సేవ అందుకోవడం కూడా ఒక తగ్గింపే, కొంతమందికి అది చేయడం కంటే కష్టం.

నిజంగా ఓపిక లేకపోతే, ఇంట్లో పరిస్థితి బాగోలేకపోతే, ఆ కారణమే చెప్పండి. దానికి వినయం రంగు పులమక్కర్లేదు.

మా సంఘంలోనే సరైన బోధ ఉంది అనుకోవడం గర్వమా?

ఒక బోధ సరైనదని నమ్మడం గర్వం కాదు, నమ్మకపోతే అక్కడ ఎందుకుంటారు? కానీ కొరింథు సంఘంలో జరిగింది చూడండి (1 కొరింథీ 1). నేను పౌలువాణ్ణి, నేను అపొల్లోవాణ్ణి, నేను కేఫావాణ్ణి అని చీలారు. "నేను క్రీస్తువాణ్ణి" అనే గుంపు కూడా ఆ జాబితాలోనే ఉంది, అంటే అన్నిటికంటే సరైన పేరు పెట్టుకుని కూడా గొడవలో ఒక పక్షం కావచ్చు. జ్ఞానం ఉప్పొంగజేస్తుంది, ప్రేమ క్షేమాభివృద్ధి కలిగిస్తుంది అని పౌలు అదే పత్రిక 8:1లో రాశాడు. మీకు తెలిసిన సత్యం ఎవరో ఒకరు ఓపిగ్గా నేర్పితేనే మీకు వచ్చింది.

నాకంటే చిన్నవాళ్ళు, చదువు తక్కువైనవాళ్ళు నన్ను సరిదిద్దితే తట్టుకోలేకపోతున్నాను.

అపొల్లో గురించి చదవండి (అపొస్తలుల కార్యములు 18). అలెక్సంద్రియలో పుట్టినవాడు, విద్వాంసుడు, లేఖనాల్లో గట్టివాడు. డేరాలు కుట్టుకునే అకుల, ప్రిస్కిల్ల ఆయన్ని ఇంటికి పిలిచి ఇంకా వివరంగా నేర్పారు. ఆయన కోప్పడ్డట్టు ఒక్క మాట లేదు, ఆ తర్వాత అకయలో విశ్వాసులకు ఎంతో సాయపడ్డాడని మాత్రం ఉంది. వాళ్ళు నలుగురిలో కాకుండా ఇంటికి పిలిచి చెప్పారన్నది కూడా గమనించండి.

పేరు, ఫలితం కనిపించడం మొదలయ్యాక

సేవలో మంచి ఫలితం వస్తుంటే లోపల గర్వం వచ్చేస్తోంది. ఏం చేయాలి?

వచ్చేస్తోందని మీకు తెలుస్తోంది, అది మంచి సూచన. ఉజ్జియా రాజుకు తెలియలేదు. పదహారేళ్ళకే రాజై, దేవుణ్ణి వెదికినంతకాలం వర్ధిల్లాడు. బురుజులు కట్టాడు, బావులు తవ్వించాడు, సైన్యం పెంచాడు. 2 దినవృత్తాంతములు 26లో వరుసగా రెండు వచనాలుంటాయి: స్థిరపడే వరకు అతనికి ఆశ్చర్యకరమైన సహాయం కలిగింది, స్థిరపడ్డాక మనసు గర్వించి చెడిపోయాడు. ఓడిపోతున్నప్పుడు అతను పడలేదు, గెలిచాకే పడ్డాడు. యాజకులు మాత్రమే చేయాల్సిన ధూపం తానే వేస్తానని మందిరంలోకి వెళ్ళాడు, ఎనభై మంది యాజకులు ఎదురు నిలిచి వద్దన్నారు. వాళ్ళ మీద కోపం తెచ్చుకున్నాడు, అప్పుడే నొసట కుష్ఠు పుట్టింది.

కాబట్టి మొదటి పని, మీకు "వద్దు" అని చెప్పగల ఇద్దరు ముగ్గురిని దగ్గర ఉంచుకోండి, వాళ్ళు చెప్పినప్పుడు కోపం తెచ్చుకోకండి. రెండోది, డెబ్బైమంది శిష్యులు దయ్యాలు కూడా లోబడుతున్నాయని సంబరంగా తిరిగొచ్చినప్పుడు యేసు వాళ్ళ సంబరాన్ని అణచలేదు, దాని చోటు మార్చాడు. మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నందుకు సంతోషించండి అన్నాడు (లూకా 10:20). ఆ సంతోషం ఫలితం లేని ఏడాది కూడా ఉంటుంది.

"మహిమంతా దేవునికే" అని చెబుతున్నాను కదా, అది సరిపోదా?

ఆ మాట మంచిదే, చెప్పండి. సరిపోతుందా అంటే, ఇశ్రాయేలును శత్రువుల నుంచి విడిపించడానికి దేవుడు పిలిచిన గిద్యోను కథ చూద్దాం (న్యాయాధిపతులు 7, 8). ముప్పై రెండు వేలమంది సైన్యంతో వెళ్ళబోతే దేవుడు ఎక్కువయ్యారన్నాడు. ఎందుకంటే మా బలంతోనే గెలిచామని ఇశ్రాయేలు అతిశయిస్తుంది. భయపడేవాళ్ళను వెళ్ళిపొమ్మంటే ఇరవై రెండు వేలమంది వెళ్ళిపోయారు, నీళ్ళ దగ్గర పరీక్ష పెట్టాక మూడొందలు మిగిలారు. ఆ మూడొందలతో గెలిచాడు. జనం వచ్చి నువ్వే మమ్మల్ని ఏలు అంటే, నేను ఏలను, నా కొడుకూ ఏలడు, యెహోవా ఏలుతాడు అన్నాడు. ఎంత గొప్ప జవాబు!

వెంటనే తర్వాతి వచనంలో మీ దోపుడులోని చెవిపోగులు నాకివ్వండి అని అడిగాడు. పదిహేడు వందల తులాల బంగారం పోగైంది, దానితో ఏఫోదు, అంటే యాజకులు తొడుక్కునే వస్త్రంలాంటిది, చేయించి తన ఊళ్ళో పెట్టాడు, ఇశ్రాయేలంతా దాని వెంట పడింది, అది అతని ఇంటికే ఉరి అయింది. కొడుకుల్లో ఒకడి పేరు అబీమెలెకు, అంటే "నా తండ్రి రాజు". సింహాసనం వద్దన్న మనిషి ఇంట్లోనే ఆ పేరు పిలవబడింది. నోరు మహిమను దేవునికి ఇచ్చింది, చేతులు దాన్ని ఇంటికి తెచ్చుకున్నాయి. అందుకే ఆ మాట చెప్పాక మన చేతులు ఏం పోగేస్తున్నాయో కూడా చూసుకోమంటాను.

మా పెద్దలు ఏ ప్రశ్న అడిగినా "తగ్గించుకో" అంటున్నారు. భరించాల్సిందేనా?

దీని గురించి నేను గట్టిగానే చెబుతాను. ఫిలిప్పీ 2లో క్రీస్తు తన్ను తానే రిక్తునిగా చేసుకున్నాడు, తన్ను తానే తగ్గించుకున్నాడు. తగ్గింపు మనిషి తనంతట తాను చేసేది, ఇంకొకరి మెడ వంచడానికి వాడే మాట కాదు. పెద్దలకు పేతురు రాసింది, మీకు అప్పగించిన వాళ్ళ మీద ప్రభువుల్లా ఉండకండి, మందకు మాదిరిగా ఉండండి అని (1 పేతురు 5:3). డబ్బు లెక్క అడిగితే, తప్పు చూపిస్తే, హింస గురించి చెబితే "నీలో గర్వం ఉంది" అని నోరు నొక్కేవాళ్ళు ఆ వాక్యానికి జవాబు చెప్పాలి.

సాత్వికుడైన యేసును చెంపమీద కొట్టినప్పుడు, నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేదో చెప్పు, లేకపోతే నన్నెందుకు కొడుతున్నావు అని అడిగాడు (యోహాను 18:23). ఫిలిప్పీ పట్టణంలో అధికారులు విచారణ లేకుండా కొట్టి రహస్యంగా పంపేయబోతే పౌలు ఒప్పుకోలేదు, వాళ్ళే వచ్చి బయటికి తీసుకెళ్ళాలన్నాడు. ఇంట్లో గానీ సంఘంలో గానీ మీ మీద చెయ్యి పడుతుంటే, ముందు సురక్షితమైన చోటికి వెళ్ళండి, నమ్మదగినవాళ్ళకు చెప్పండి, చట్టం సాయం తీసుకోండి. అది గర్వం కానే కాదు.

ఎదుటివాళ్ళ తప్పు చెబితే "నువ్వేమైనా పరిశుద్ధుడివా" అంటారు. ఇక మాట్లాడకూడదా?

మాట్లాడాలి. అంతియొకయలో పేతురు అన్యులతో, అంటే యూదులు కానివాళ్ళతో, కలిసి తినడం మానుకుని వెనక్కి తగ్గినప్పుడు పౌలు ముఖాముఖిగా ఎదిరించాడు. గలతీ 6:1 మాత్రం సాత్వికమైన మనసుతో, నువ్వు కూడా శోధనలో పడతావేమోనని చూసుకుంటూ సరిచేయమంటుంది. చెప్పబోయే ముందు మీలో సరదాలాంటిది ఏమైనా ఉంటే ఒక రోజు ఆగండి. ఆ రోజు ఆగడం వల్ల తప్పించుకున్న గొడవలు నాకు చాలానే ఉన్నాయి.

లోపలి సంగతి తెలిసి కంగారు పడ్డప్పుడు

నాలో గర్వం ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ప్రసంగం వింటున్నప్పుడు "ఇది ఫలానావాడు వినాలి" అని ఎన్నిసార్లు అనిపిస్తుందో గమనించండి. క్షమించమని చివరిసారి ఎప్పుడు అడిగారు, అడిగినప్పుడు వెనకే "కానీ" అనే మాట వచ్చిందా? మీకు ఏ లాభమూ లేని మనిషితో ఎంతసేపు ఓపిగ్గా మాట్లాడగలుగుతున్నారు? వీటికంటే సూటిగా తెలియాలంటే మీతో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళను అడగండి. వాళ్ళకు తెలుసు.

గర్వం తగ్గిందనుకోగానే, తగ్గిందన్న గర్వం వస్తోంది. దీనికి అంతెక్కడ?

ఇది పాత బాధే. అయిదో శతాబ్దంలో సన్యాసులకు రాసిన కాసియన్, ఈ వ్యర్థమైన కీర్తి కాంక్షను పెద్దలు ఉల్లిగడ్డతో పోల్చేవారని చెబుతాడు, ఒక పొర ఒలిస్తే కింద ఇంకో పొర. మిగతా దుర్గుణాలు ఓడిపోతే బలహీనపడతాయి, ఇది మాత్రం ఓడిపోయినప్పుడే ఇంకా లేచి నిలబడుతుందని ఆయన బాధ.

అందుకే పొరలు ఒలుస్తూ కూర్చోకండి. ఎంత తగ్గానో కొలుచుకుంటున్నంతసేపూ మళ్ళీ మన గురించే ఆలోచిస్తున్నాం. లేచి ఎవరికైనా పనికొచ్చే పని చేయండి, జబ్బుగా ఉన్నవాళ్ళ దగ్గర కూర్చోండి, అంట్లు కడగండి, ఒక కీర్తన గట్టిగా చదవండి. పది నిమిషాలు మిమ్మల్ని మీరు మరిచిపోయారని తర్వాతెప్పుడో తెలుస్తుంది, తెలియకపోయినా నష్టం లేదు.

ఎదిగేకొద్దీ నా తప్పులే ఎక్కువ కనబడుతున్నాయి. వెనక్కి పోతున్నానా?

లేదనుకుంటాను. పౌలు 1 కొరింథీ 15:9లో అపొస్తలులందరిలో తక్కువవాణ్ణి అన్నాడు, ఎఫెసీ 3:8లో పరిశుద్ధులందరిలో అత్యల్పుణ్ణి అన్నాడు, 1 తిమోతి 1:15లో పాపుల్లో ప్రధానుణ్ణి అన్నాడు. సంప్రదాయంగా చెప్పే కాలక్రమం కూడా అదే. అయినా ఆ మూడు చోట్లా పక్కనే కృప గురించో కనికరం గురించో ఉంది, ఎక్కడా నిరాశ లేదు. తప్పులు కనబడుతూ కృప కనబడకపోతే మాత్రం ఒంటరిగా ఉండకండి, ఎవరితోనైనా మాట్లాడండి.

నాకొచ్చిన ఈ కష్టం నా గర్వానికి శిక్షా?

నేను అలా చెప్పలేను, ఇంకెవరైనా అంత ధైర్యంగా చెబితే నమ్మకండి. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరి పాపం అని అడిగితే యేసు వీడిదీ కాదు, వీడి కన్నవాళ్ళదీ కాదు అన్నాడు. పౌలు మాత్రం తన శరీరంలోని ముల్లు తాను హెచ్చిపోకుండా ఉంచడానికి వచ్చిందని చెప్పాడు, కానీ తన ముల్లు గురించి తానే చెప్పుకున్నాడు, పక్కవాడి ముల్లుకు అర్థం చెప్పలేదు. పైగా దాన్ని తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. మీరు కూడా వేడుకోవచ్చు.

అందరి ముందూ పెద్ద పెద్ద మాటలు చెప్పి, తర్వాత ఘోరంగా పడిపోయాను. మళ్ళీ సంఘానికి ఏ ముఖంతో వెళ్ళను?

పేతురు "అందరూ అభ్యంతరపడినా నేను మాత్రం పడను" అన్నాడు. అందరినీ పోల్చి, వాళ్ళకంటే తాను ఎక్కువని చెప్పాడు. ఆ రాత్రే ప్రధాన యాజకుని ఇంటి ముంగిట చలి కాచుకుంటూ నిప్పుల దగ్గర నిలబడి, యేసు ఎవరో తెలియదన్నాడు.

యోహాను 21లో ఒడ్డున మళ్ళీ నిప్పులున్నాయి. ఈసారి ఆ నిప్పులు వేసి, వాటిమీద చేపలు పెట్టి పిలిచింది యేసే. ముందు తిండి పెట్టాడు, తర్వాతే అడిగాడు: "వీళ్ళకంటే నువ్వు నన్ను ఎక్కువగా ప్రేమిస్తున్నావా?" పాత మాటే అడుగుతున్నాడని పేతురుకు అర్థమయ్యే ఉంటుంది. అతని జవాబులో "వీళ్ళకంటే" అన్న మాట లేదు. ప్రేమిస్తున్నానని నీకే తెలుసు అన్నాడు, మూడుసార్లూ అంతే. ఎవరికంటే ఎక్కువో ఇక చెప్పలేదు. యేసు కూడా ఆ లెక్క మళ్ళీ అడగలేదు, నా గొర్రెలను మేపు అని పని అప్పగించాడు.

వచ్చే ఆదివారం వెళ్ళండి. ఏం చెప్పాలో తోచకపోతే ఏమీ చెప్పకుండానే కూర్చోండి. ఎవరైనా అడిగితే "పడ్డాను, ప్రార్థన చేయండి" అనండి.